చుక్క ముందరి కాళ్ళు

మేకు సగం దిగేసరికి గిట్ట అంచు పెళుక్కున ఊడి లాడాల సాయిబు ఒళ్ళో పడింది. ఆయన ఆ ముక్కను వేళ్ళ మధ్య నలిపి చూశాడు. ఎండు రొట్టెలాగా పొడిపొడిగా రాలిపోయింది. ఇంకో మేకు తీసి, కాస్త పైన ఆనించి, కొట్టకుండానే చెయ్యి దించేశాడు.

"ఏమబ్బా, మేకు పట్టేదానికి ఈడ గిట్టంటూ ఉండల్ల కదా. ఇంకా పైన కొడితే మాంసానికి తగుల్తాది," అని సుత్తిని సంచిలో వేసుకున్నాడు.

"వెనక కాళ్ళకు బాగానే దిగినాయి కదా," అన్నాడు మా ఆయన.

"వెనకవి రాయి మాదిరి ఉండాయి. ముందరివే ఇట్లయినాయి. బరువంతా ముందరే కదా పడేది."

సాయిబు వెళ్ళిపోయాడు. గుర్రం ముందరి కాళ్ళు ఒకటి మార్చి ఒకటి ఎత్తుకుంటూ, ఏ కాలి మీద నిలబడాలో తేల్చుకోలేక అవస్థ పడుతోంది. మా ఆయన దాని మెడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాడు.

మా ఆయన పేరు జయప్రకాష్. హిందూపురం స్టేషన్ రోడ్డులో జట్కా తోలేవాడు. ఆ గుర్రం మా చుక్క. ఎర్రటి ఒళ్ళు, నుదుట తెల్లటి మచ్చ. తొంభై ఎనిమిదికల్లా ఊరంతా ఆటోలు నిండిపోయి, మనుషులు జట్కా ఎక్కడం మానేశారు. అయినా మార్కెట్లో చింతపండు బస్తాలకు, బెల్లం బుట్టలకు మమ్మల్నే పిలిచేవాళ్ళు. మాకు తిండి పెట్టేది ఆ పనే. లాడం లేకుండా తారురోడ్డు మీద తోలితే చుక్క కుంటుతుంది. లాడం కొడదామంటే గిట్ట నిలవడం లేదు.

ఈ వార్త ఎలా తెలిసిందో, మధ్యాహ్నానికల్లా రంగయ్య మా గోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. పనికిరాని గొడ్లను కొని లారీ ఎక్కించే దళారి రంగయ్య. అతను తోలుకుపోయిన గొడ్డు మళ్ళీ ఎవరికీ కనబడలేదు. ఎక్కడికి పోతాయో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అతని నవ్వు మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

"ఏమప్పా, కుంటిదాన్ని ఎన్నాళ్ళు మేపుతావు?" అన్నాడు.

"చింతపండు సీజను వచ్చేదాకా చూస్తా రంగన్నా," అన్నాడు మా ఆయన, అతని వైపు చూడకుండా. "అప్పటికీ ఇట్లే ఉంటే నువ్వే తోలుకొనిపో."

గడపలో కూర్చుని రాగులు చెరుగుతున్న మా అత్త చేట కింద పెట్టింది. "దాన్ని లారీ ఎక్కిస్తే నేనూ అదే లారీ ఎక్కుతా," అంది. ఊరికే అన్న మాట కాదు. మా అత్త కుళ్ళాయమ్మకు ఊరికే మాట్లాడే అలవాటు లేదు.

చుక్క ఆవిడకు గుర్రం కాదు. నా పెళ్ళయిన కొత్తలో రైల్వే గేటు దగ్గర దిగుడులో మా జట్కా ఇరుసు విరిగింది. మా ఆయన ఎగిరి ముందుకు పడ్డాడు. కాలు చక్రం ఆకుల్లో ఇరుక్కుంది. వెనక నుంచి లారీవాడు ఒకటే హారన్. ఇంకే గుర్రమైనా బెదిరి పరుగు తీసేది, మా ఆయన కాలు అక్కడే పోయేది. చుక్క ముందరి కాళ్ళు రెండూ రోడ్డుకు ఊని, మెడ వెనక్కి వాల్చి, బండి బరువంతా తన మీద ఆపుకుంది. జనం వచ్చి చక్రం ఎత్తేదాకా ఒక్క అడుగు కదల్లేదు.

ఆ సాయంత్రమే మా అత్త కుళ్ళాయప్ప స్వామికి మొక్కుకుంది. తన ఒంట్లో ఊపిరి ఉన్నన్నాళ్ళూ ఆ రెండు కాళ్ళూ తన చేతులతో కడుగుతానని. పొద్దున బండి కట్టే ముందు, మధ్యాహ్నం మేతకు వచ్చినప్పుడు, సాయంత్రం దీపం పెట్టే ముందు. పసుపు నీళ్ళు పోసి, కొబ్బరి పీచుతో, పెళ్ళికూతురి కాళ్ళు కడిగినంత శ్రద్ధగా రుద్దేది. కొంగుతో తుడిచి బొట్టు పెట్టేది. వీధిలో పోయేవాళ్ళు ఆగి దండం పెట్టుకునేవాళ్ళు. అది చూస్తే నాకూ కడుపు నిండేది. నా మొగుడు రెండు కాళ్ళ మీద నడుస్తున్నాడంటే ఆ గుర్రం పుణ్యమే కదా అనుకునేదాన్ని.

ఎవరేం చెబితే అది చేశాం. ఆటో షెడ్డు నుంచి మాడిన ఇంజన్ ఆయిలు తెచ్చి పూశాం. ఆముదం పూశాం, వేపనూనె పూశాం. పూసిన ప్రతిదీ నాలుగు రోజులు నిగనిగలాడించి ఊరుకునేది. ముందరి గిట్టలు మాత్రం అంచులు రాలిపోతూ, నిలువునా నెర్రెలు విచ్చుతూ, రోజురోజుకూ తగ్గిపోతున్నాయి. 

బెంగళూరులో పందెం గుర్రాలకు వైద్యం చేసిన డాక్టరు ఒకాయన పెనుకొండలో ఉన్నాడని విని, మా ఆయన మేనమామ టెంపోలో చుక్కను ఎక్కించుకుని పోయాం. డాక్టరు దాని కాలు తన మోకాళ్ళ మధ్య పెట్టుకుని గోటితో గీకి, వాసన చూసి, కత్తితో కాస్త చెక్కి చూశాడు.

"గిట్ట మన గోరు లాంటిదమ్మా," అన్నాడు. "పగిలింది ఇంక అతుక్కోదు. పైన, వెంట్రుకలు మొదలయ్యే చోట కొత్తది పుట్టి కిందికి దిగాలి. దగ్గర దగ్గర ఏడాది పడుతుంది. అంతవరకు బండి కట్టొద్దు, లాడం వద్దు. తవుడు తగ్గించి ఉడికిన ఉలవలు, పచ్చిమేత పెట్టండి. అంచులు ఎప్పటికప్పుడు ఆకురాయితో గుండ్రంగా రాయించండి. కానీ దేనివల్ల పగులుతోందో అది ఆగకపోతే కొత్తదీ ఇట్లాగే పగులుతుంది. ఎక్కడైనా తడిలో నిలబడుతుందా? బురదలో, కుంటలో?"

"ల్యా సార్. మా కొట్టం ఎప్పుడూ ఎండుగానే ఉంటాది," అన్నాడు మా ఆయన. "వానొస్తే నేను తడిసినా దాన్ని తడవనీను."

నేను పక్కనే నిలబడి నిజమే అన్నట్టు తల ఊపాను. డాక్టరు కాసేపు ఆలోచించి, ఏదో పొడి మందు రాసి ఇచ్చాడు.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలింది. మా అత్త చెంబుతో, పీచుతో కొట్టం ముందే కాచుకుని ఉంది. మధ్యాహ్నం కడగడం తప్పిపోయిందని ఆవిడకు మనసు మనసులో లేదు. టెంపో దిగీ దిగకముందే చుక్క ముందు కూలబడి నీళ్ళు పోసింది. నేను పగ్గం పట్టుకుని నిలబడ్డాను.

చేసే పని లేక నా కళ్ళు వెనక కాళ్ళ మీద పడ్డాయి. దుమ్ము పట్టి ఉన్నాయి. ఎవరూ వాటి మొహం చూసినవాళ్ళు లేరు. ఆ దుమ్ము కింద గిట్ట నల్లగా, నున్నగా, ఒక్క చీలిక లేకుండా ఉంది.

నేను ధర్మవరంలో మగ్గం గుంట పక్కన పుట్టినదాన్ని. మా నాయనతో పట్టు నూలు కొనడానికి హిందూపురం వచ్చినప్పుడు ఎక్కిన జట్కా తోలేవాణ్ణే చేసుకున్నానని మా వాళ్ళు ఇప్పటికీ మూతి తిప్పుతారు. తిప్పనీ. కానీ మగ్గం దగ్గర చూసినది కళ్ళు మరిచిపోవు. ఒక వానాకాలం మా ఇంటి కప్పు కారి, మగ్గం మీదున్న పడుగు పోగుల మీద ఒకే చోట చినుకు పడేది. ఎండ వస్తే ఆరేది, మళ్ళీ పడేది. ఒకసారి తడిస్తే పట్టుకు ఏమీ కాలేదు. తడిసి ఆరి, తడిసి ఆరి, చివరికి ఆ చోట మాత్రం పోగులు చెయ్యి తగిలితే తెగిపోయాయి. చుట్టూ ఉన్న పడుగంతా బాగానే ఉంది.

మా అత్త పీచుతో రుద్దుతుంటే పసుపు నీళ్ళతో పాటు బూడిదరంగు పొడి కారుతోంది. ఆవిడ దాన్ని మురికి అనుకుంటోంది. అది గిట్ట. రోజుకు మూడుసార్లు నానబెట్టి, పైపొర గీకి, ఎండలో నిలబెడుతున్నాం. డాక్టరు తడి గురించి అడిగినప్పుడు మా ఇద్దరికీ ఇది గుర్తు రాలేదు, ఎందుకంటే పూజ నీళ్ళను మేమెవరమూ నీళ్ళ కింద లెక్క వేయలేదు. 

మా ఆయనకు చెప్పాను. మొదట నవ్వాడు. తర్వాత కొట్టంలోకి పోయి, వెనక కాళ్ళూ ముందు కాళ్ళూ చూసి, తిరిగి వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"నిజమే అయ్యుండచ్చు," అన్నాడు. "మా అమ్మకు ఎవరు చెప్తారు?"

"నీ తల్లే కదా. నువ్వు చెప్పు."

"నాకూ భయమే నీలా. ఆ పొద్దు నా కాలు ఆ చక్రంలో ఉండింది. నీకేం తెలుసు. మొక్కు తప్పినాక మళ్ళా నాకు ఏమన్నా అయితే, మా అమ్మ బతకదు."

నాకు కోపం తన్నుకొచ్చింది. మొక్కు వీళ్ళది, గుర్రం వీళ్ళది, మధ్యలో చెడ్డదాన్ని కావలసింది నేను. అయినా సీజను దాకానే మాకు గడువు. ఆలోచించే టైము లేదు. పొద్దున్నే మా అత్త చెంబు చేతిలోకి తీసుకునేలోపు ఎదురు పోయి, డాక్టరు మందు ఇచ్చాడని, తడి తగిలితే అది పనిచేయదని చెప్పేశాను.

"దేవుని నీళ్ళు తగిలితే ఏమైతాదంట?" అంది.

"ఏ నీళ్ళయినా అంతేనంట అత్తా. కొత్త గిట్ట దిగేదాకా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. చెంబు గోడవార పెట్టింది. ఆ రోజు నుంచి దూరంగా నిలబడి, చుక్క కాళ్ళ వైపు చేతులు జోడించి, లోపలికి పోయేది. ఆ చేతులు చూస్తే నాకు పాపం అనిపించేది. పాపం అనిపించినా ఊరుకున్నాను.

పెన్న ఏట్లో ఇసుక తెచ్చి, ఎండబెట్టి, కొట్టమంతా మందంగా పరిచాను. ఉలవలు ఉడకబెట్టి, చల్లార్చి పెట్టాను. పూసే నూనెలన్నీ మానేశాం. సాయిబు వచ్చి, రాలిపోయే అంచులు ఆకురాయితో రాసి గుండ్రం చేసి పోయేవాడు. రోజూ పొద్దున్నే నేను చేసే మొదటి పని, వెంట్రుకల కింద బొటనవేలు పెట్టి తడమడం. కార్తీకం చివర్లో ఒకరోజు వేలికి నున్నగా తగిలింది. వంగి చూశాను. పైన, కాలి చుట్టూ, వేలెడు వెడల్పున నల్లటి కొత్త గిట్ట. దాని కింద పాతదంతా పగుళ్ళు. మా ఆయన్ను నిద్ర లేపి లాక్కొచ్చి చూపించాను. ఆయన అదే చోట వేలు మళ్ళీ మళ్ళీ రాస్తూ కూర్చున్నాడు. నాకు అంత సంతోషం పెళ్ళినాడు కూడా కలగలేదు.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. బండి లేనందున మా ఆయన మార్కెట్లో బస్తాలు మోయడానికి పోతున్నాడు. ఒక మధ్యాహ్నం గోడౌన్లో పేర్చిన బస్తాలు జారి ఆయన మీద పడ్డాయి. ఆటోలో తీసుకొచ్చి దించారు. అప్పుడు చక్రంలో ఇరుక్కున్న కాలే. ఎముక విరగలేదన్నారు గానీ, మోకాలి నుంచి పాదం దాకా ఉబ్బిపోయి ఉంది.

మా అత్త ఏడవలేదు. కొడుకు కాలు చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత కొట్టం వైపు చూసింది. నన్ను పట్టుకుని తిట్టి ఉంటే బాగుండేది, నేనూ రెండు మాటలు అనేదాన్ని. ఏమీ అనకుండా పోయి కాపడానికి నీళ్ళు పెట్టింది. నాకు భయం పట్టుకుంది. ఇది నా వల్లే జరిగిందా అని ఆ రాత్రంతా నన్ను నేనే ప్రశ్నించుకుంటూ పడుకున్నాను. కాదని తెలుసు. తెలిసినా భయం పోలేదు.

కొన్ని వారాలు పోయాక సాయిబు వచ్చి కాలు ఎత్తి పట్టుకుని, "ఏమ్మా, పైన మళ్ళా మెత్తబడినాదే," అన్నాడు.

నేను వంగి చూశాను. కొత్త గిట్ట మీద వెంట్రుకంత సన్నటి చీలిక. ఆయన వెళ్ళాక కొట్టంలో ఇసుక కాలితో తిరగేశాను. పైన పొడిగా ఉంది. అడుగున తడి. ఎవరో తడి ఇసుక మీద పొడి ఇసుక కప్పారు. ఎవరో ఏమిటి, ఇంట్లో ఉన్నది ముగ్గురం.

మర్నాడు తెల్లారకముందే లేచి కొట్టం తడిక దగ్గర నిలబడ్డాను. అత్త అప్పటికే అక్కడుంది. చప్పుడు రాకుండా నీళ్ళు చారెడు చారెడు పోసి, పీచుతో మెల్లగా రుద్దుతోంది.

"ఏం చేస్తాండావు అత్తా?"

ఆవిడ తిరిగి చూడలేదు. "కనబడల్యా? నా కొడుకు కాలు కడుగుతాండా."

"మందు పనిచేయదని చెప్పినా కదా."

"మందు కోసం ఆగినా. ఆగినందుకు ఏమైందో నువ్వూ చూస్తివి. గుర్రం గిట్ట ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు వస్తాది. నా కొడుకు కాలు పోతే యాడనుంచి తెద్దును?"

ఆ మాటకు నేను ఆగాల్సింది. ఆగలేదు. ఆ చీలిక కళ్ళ ముందు ఉంది, రంగయ్య మొహం కళ్ళ ముందు ఉంది.

"మందుకు తడి తగలకూడదన్నది అబద్ధం," అన్నాను. "డాక్టరు నీ గురించి ఏమీ చెప్పలా. నేనే చెప్పినా. దాని కాళ్ళు తింటాండేది రోడ్డు కాదు అత్తా, బరువు కాదు. నీ నీళ్ళు. నీ పీచు."

పీచు పట్టుకున్న చెయ్యి ఆగింది.

"ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలా. నువ్వే చూసుకో. అదే రోడ్డు, అదే మేత. నువ్వు కడగని కాళ్ళు ఎట్లుండాయో వెనక్కి పోయి చూడు."

చుక్క పిల్లగా ఉన్నప్పుడు ఒకసారి మా అత్త నడుము మీద తన్నింది. ఆ నొప్పి ఆవిడకు ఇంకా ఉంది. అప్పటి నుంచి దాని వెనక్కి పోయిన మనిషి కాదు. నేను కోపంలో అనేశాను గానీ, నిజంగా పోతుందనుకోలేదు. ఆవిడ లేచింది. చుక్క ఒంటి మీద చెయ్యి ఆనించుకుంటూ, పక్క నుంచి మెల్లగా నడిచి, సరిగ్గా దాని వెనక గొంతుక్కూర్చుంది.

చుక్క చెవులు వెనక్కి వాలాయి. ఒక వెనక కాలు నేల మీద నుంచి లేచింది.

"అత్తా, లెయ్. తంతాది," అన్నాను. ముందుకు పోయి పగ్గం గట్టిగా పట్టుకున్నాను గానీ, అది తన్నదలచుకుంటే నా పగ్గం ఏం చేస్తుంది.

ఆవిడ లేవలేదు. గాల్లో ఉన్న ఆ కాలినే రెండు చేతులతో పట్టుకుని, కొంగుతో దుమ్ము తుడిచింది. బొటనవేలితో చుట్టూ తడిమింది. ఇంకో కాలు తడిమింది. లేచి ముందుకొచ్చి, తను కడిగిన కాలు తడిమింది. మళ్ళీ వెనక్కి పోయింది. అలా ఎన్నిసార్లు తిరిగిందో.  చుక్క కాలు విదల్చలేదు. చివరికి ఆవిడ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"రెండేండ్లు కడిగితిని," అంది. చెంబు, పీచు అక్కడే వదిలేసి లోపలికి పోయింది.

ఆ తర్వాత మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. మా అత్త వండేది, వడ్డించేది, తను సగం తిని లేచేది. కొట్టం వైపు చూసేది కాదు. చేతులు జోడించడం కూడా మానేసింది. నా మీద కోపమా అంటే అదీ లేదు. కోపముంటే నాకు తెలిసేది, నేనూ తట్టుకునేదాన్ని. ఇసుక అడుగున మళ్ళీ ఎప్పుడూ తడి తగల్లేదు.

శివరాత్రి దాటింది. మార్కెట్‌కు చింతపండు రావడం మొదలైంది. అనుకున్నట్టే రంగయ్య భుజాన పగ్గం వేసుకుని వచ్చాడు. ఈసారి గోడ అవతల నిలబడలేదు, నేరుగా వాకిట్లోకి వచ్చాడు.

చుక్క గిట్ట పైసగం నల్లగా, గట్టిగా ఉంది. కిందిసగం ఇంకా పాతదే. మెత్తటి నేల మీద బాగా నడుస్తోంది, రాళ్ళ మీద ఇంకా కుంటుతోంది. మా ఆయన మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. వాపు తగ్గింది గానీ బరువులు మోయగలిగే స్థితి కాదు.

"సగం వచ్చింది కదయ్యా," అన్నాను. "ఇంకో సగానికి ఆగలేమా?"

"అంతవరకు ఏం తింటాం నీలా? నేనొక కుంటోణ్ణి, అదొక కుంటిది. ఇంతకీ రంగన్నకు మాట ఇచ్చినా." ఆయన చుక్క వైపు చూడకుండా మాట్లాడుతున్నాడు.

"నేను పట్టు తీసే షెడ్డులో పనికి పోతా. అడిగి పెట్టినా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. రంగయ్య నన్ను దాటి, గడపలో నిలబడ్డ మా అత్తను చూశాడు. మొక్కు సంగతి వీధిలో తెలియనివాళ్ళు లేరు.

"పెద్దమ్మా, నేనొక మాట చెప్తా," అన్నాడు. "గుర్రం ఇంట్లో ఉండి కాళ్ళు కడక్కపోతే మొక్కు తప్పినట్టు. గుర్రమే ల్యాకపోతే మొక్కూ ల్యాదు కదా. నీకూ దోషం ల్యాదు, నీ కొడుక్కూ ల్యాదు."

నేను మా అత్త వైపు తిరిగాను. ఆవిడ మొహంలో ఆశ్చర్యం లేదు. ఆ మాట ఆవిడ ముందే అనుకుని ఉంది. ఇన్నాళ్ళూ సగం అన్నం వదిలేసి లేచింది దీని గురించే. చుక్క ఈ వాకిలి దాటితే ఆవిడకు భయం తీరిపోతుంది. కొడుకు బయటికి పోయిన ప్రతిసారీ వణకాల్సిన పని ఉండదు. ఒక్క మాట అంటే చాలు. నేను ఆవిడ నోటి వైపే చూస్తూ నిలబడ్డాను.

ఆవిడ మంచం దగ్గరికి పోయి కొడుకు కాలు మీద చెయ్యి వేసింది.

"నొప్పి ఉండాదేరా?"

"ఉండాది మా. తగ్గతాండాది."

"బస్తా పడినప్పుడు కాలు వెనక్కి తీసుకుంటివా ల్యాదా?"

"తీసుకోకుండా ఎట్లుంటా? తీసుకున్నందుకే ఎముక మిగిలింది."

మా అత్త తల ఊపింది. "అది తీసుకోల్యా," అంది. "రెండేండ్లు నా చేతిలో పెట్టి నిలబడింది. దాని కాలు నేను గీకి గీకి పారేస్తాంటే, ఒక్కనాడు కూడా వెనక్కి తీసుకోల్యా. నేను దేవుని పని చేస్తాండా అనుకుంటి."

 ఆవిడ రంగయ్య వైపు తిరిగింది.

"నువ్వు చెప్పింది బాగానే ఉండాది నాయనా. నాకూ ఆ ఆశ పుట్టింది. నీ పగ్గం నువ్వు తీసుకొని పో. గుర్రాన్ని ఇయ్యము."

"మొక్కో మరి?" అన్నాడు రంగయ్య.

"మొక్కు ఈ పొద్దుతో వదిలేస్తాండా. బుద్ధి తెలిసే వదిలేస్తాండా. వీనికి ఏమన్నా అయితే..."  కొడుకు కాలి మీది చెయ్యి తీయలేదు.  "అయితే ఆ తప్పు నాది. స్వామితో నేను మాట్లాడుకుంటా."

రంగయ్య పోయాడు. మా ఆయన మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. నేను మా అత్త కాళ్ళ మీద పడదామనుకున్నాను. ఆవిడకు అవి నచ్చవు. పోయి పొయ్యి మీద ఉలవలు పెట్టాను.

మర్నాటి నుంచి పట్టు షెడ్డుకు పోయాను. ఉడికే పట్టుగూళ్ళ వాసనలో పొద్దంతా నిలబడి దారం తీశాను. ఇంట్లో ఉలవలు, మేత, ఇసుక మా అత్త చూసుకుంది. అంత చూసుకున్నా గిట్టల మీద మాత్రం చెయ్యి వేసేది కాదు. సాయంత్రం నేను వచ్చాక, "చూడు, యాడిదాకా దిగిందో," అని నాతోనే చూపించేది. ఆ కొత్త నలుపు ఎండాకాలమంతా మెల్లగా కిందికి దిగింది. పాత పగుళ్ళు ఆకురాయికి కొంచెం కొంచెంగా పోయాయి. ఆ సన్నటి చీలిక కూడా దిగి దిగి, అంచుకొచ్చి రాలిపోయింది. మా ఆయన కాలు కుదుటపడి గోడౌన్లో కూర్చుని చేసే చిన్న పనులకు పోయేవాడు. ఆయన గడప దాటిన ప్రతిసారీ మా అత్త చేసే పని ఆపి, ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసేది.

వానలు మొదలయ్యాక సాయిబు కొత్త లాడాలు తెచ్చాడు. మొదటి మేకు ఆనించి, సుత్తి ఎత్తి, మా మొహాలు చూసి, "మీరిట్లా చూస్తాంటే నా చెయ్యి వణుకుతాది," అన్నాడు. నేను అటు తిరిగాను. దెబ్బ పడింది. ఇంకో దెబ్బ. పెళుక్కుమనలేదు. "దిగింది," అన్నాడు. మిగతావన్నీ దిగాయి.

మొదటిరోజు బండి కట్టినప్పుడు మా అత్త బయటికి రాలేదు. మా ఆయన వాకిట్లో నిలబడి, "మా, పోయొస్తా," అన్నాడు. ఆవిడ తలుపు దాకా వచ్చి నిలబడింది. చుక్క ముందరి కాళ్ళు దుమ్ముతో ఉన్నాయి. వాటిని కడగకుండా ఆవిడ కొడుకును బండి మీద పంపడం రైల్వే గేటు ప్రమాదం తర్వాత అదే మొదలు. "పో నాయనా," అంది. అంతే.

ఆ రోజు నేను పనికి పోలేదు. ఆవిడ గడపలో కూర్చుంది. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది. అన్నం పెడితే వద్దంది. స్వామి పేరు ఎత్తలేదు. "ఈ చేతులకు ఏం పని చెప్పల్లో తెలీడం ల్యాదమ్మే," అని మాత్రం ఒకసారి అంది. రోడ్డు మీద లారీ హారన్ వినబడినప్పుడల్లా ఆవిడ భుజాలు బిగుసుకునేవి. వద్దనుకున్నా నావీ బిగుసుకునేవి.

మార్కెట్ మూసే వేళ దాటింది. ఆటోలు వరసగా ఇళ్ళకు పోతున్నాయి. ఎదురింటి గంగక్క వచ్చి, రైల్వే గేటు పడి బండ్లన్నీ ఆగిపోయాయంట అని చెప్పి పోయింది. రైల్వే గేటు అనే మాట వినగానే మా అత్త కళ్ళు మూసుకుంది. నేను ఆవిడ పక్కన కూర్చుని, చంకలో నుంచి ఒక చెయ్యి లాగి పట్టుకున్నాను. చల్లగా ఉంది. విడిపించుకోలేదు.

కొంతసేపటికి ఆవిడ కళ్ళు తెరవకుండానే తల పక్కకు వంచింది.

"వస్తాండారు," అంది.

నాకేమీ వినబడలేదు. వీధిలో ఆటోల రొద తప్ప ఏమీ లేదు.

"నాలుగూ సమంగా పడతాండాయి," అంది. "యాడా కుంటడం ల్యాదు."

ఆవిడ మొహమంతా కన్నీళ్ళు. కొడుకు కాలు ఉబ్బి ఇంటికొచ్చిన రోజు కూడా ఏడవని మనిషి. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, నోరు మూసుకుని, కదలకుండా ఏడుస్తోంది. ఆ తర్వాత చాలాసేపటికి గానీ నాకు ఆ అడుగుల చప్పుడు వినబడలేదు.